నడుము కాదు, నడుముకు కింద

మా మద్రసాలో విద్యార్థులను ఫజ్ర్ నమాజుకు లేపే బాధ్యత చాలా ఏళ్లుగా నాది. కొన్నేళ్ల క్రితం పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒకడు ప్రతిరోజూ అందరికంటే ఆలస్యంగా లేచేవాడు. లేచినా నిటారుగా నిలవలేక, గోడ పట్టుకుని వుజూఖానా దాకా వెళ్లేవాడు. జమాఅత్‌లో అతడు సజ్దా నుంచి లేచి ఖియాంలో నిలబడేసరికి ఇమామ్ గారి ఫాతిహా సగం పూర్తయ్యేది. అదే కుర్రవాడు అస్ర్ తరువాత మైదానంలో తోటివారితో క్రికెట్ ఆడుతూ నా కంటపడేవాడు. ఇది బద్ధకం తప్ప మరొకటి కాదని నేను తీర్మానించుకున్నాను. ఒకరోజు నలుగురి ఎదుట మందలించాను కూడా. "హజ్రత్, తెల్లవారుజామున నడుము కింద కర్ర పెట్టి బిగించినట్టు ఉంటుంది, కాసేపు నడిస్తేనే వదులవుతుంది" అన్నాడు. నేను నమ్మలేదు. ఆ తరువాత అతడు ఆ మాట నాతో మళ్లీ ఎత్తలేదు.

ఏడాది గడిచాక, అతడి కన్ను ఒకటి ఎర్రబారి, వెలుతురు చూడలేని స్థితి వచ్చింది. కంటి వైద్యుడు కన్నును పరీక్షించి, మందు రాసి, ఆపై అనుకోని ప్రశ్న వేశాడట: "ఉదయం పూట నడుము బిగుసుకుంటుందా?" అక్కడి నుంచి హైదరాబాదుకు పంపారు. జబ్బు పేరు ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ అని తేలింది. తెల్లవారుజామున కదలలేకపోవటం, కదిలినకొద్దీ తేలికపడి సాయంత్రానికి ఆడుకోగలగటం, ఈ రెండూ కలిసి ఉండటమే ఆ జబ్బు లక్షణమని అక్కడి వైద్యులు చెప్పారు. నేను దేనిని అతడి అబద్ధానికి రుజువుగా భావించానో, వారు దానినే అతడి వ్యాధికి రుజువుగా గుర్తించారు.

ఆ వ్యాధి మొదట పట్టుకునే చోటు నడుము కాదు, నడుముకు కింద ఉండే ఒక కీలు. చిత్రమేమిటంటే, ఆ తరువాత కొద్ది నెలలకే నాకూ అదే కీలులో నొప్పి మొదలైంది. కారణం మాత్రం వేరు. ముప్పై ఏళ్లుగా రెహల్ ముందు ఒక కాలు మడిచి, ఒకవైపుకు ఒరిగి కూర్చోవటం నాకు అలవాటు. ఒకే కీలు, రెండు జబ్బులు, పరస్పరం భిన్నమైన రెండు చికిత్సలు. ఈ తేడా తెలియక మన తొర్రూరు ప్రాంతపు ఇళ్లలో ఎందరో ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో కాలం గడుపుతున్నారు.

వెన్నెముక అడుగున, తోక ఎముకకు పైన, త్రికోణాకారంలో ఉన్న ఎముకను త్రికాస్థి అంటారు. దానికి కుడి ఎడమల తుంటి ఎముకలు వచ్చి కలుస్తాయి. ఆ కలిసే చోట్లను సాక్రోఇలియాక్ కీళ్లు అని వైద్యులు పిలుస్తారు. మసీదు కమానులో నడిమి రాయిని తలచుకోండి. పైనుంచి వచ్చే బరువు ఆ రాయి మీద పడి, ఇరుపక్కలకూ పంచబడి, స్తంభాలలోకి దిగుతుంది. త్రికాస్థి పని కూడా అదే. తల, మొండెం, చేతుల్లోని మూటలు, చంకలోని బిడ్డ, అన్నింటి బరువూ ఈ రెండు కీళ్ల గుండానే కాళ్లలోకి చేరుతుంది. అందుకే అల్లాహ్ వీటిని మోకాలి వలె, భుజం వలె విరివిగా కదిలేటట్లు సృష్టించలేదు. వీటి కదలిక కేవలం కొద్ది డిగ్రీలు, కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. ఎంతో దృఢమైన సంధి బంధనాలు వీటిని బిగించి ఉంచుతాయి. ఆ బిగువు సడలినా, ఒకవైపు భారం ఎక్కువైనా, కీలు లోపల వాపు వచ్చినా నొప్పి పుడుతుంది.

ఈ నొప్పిని గుర్తించటానికి ఒక సులువైన మార్గం ఉంది. "ఎక్కడ నొప్పి?" అని అడిగితే మామూలు నడుము నొప్పి ఉన్నవారు అరచేతితో నడుమంతా రుద్ది చూపుతారు. ఈ కీలు నొప్పి ఉన్నవారు చాలామంది ఒక్క వేలితో ఒకేచోట చూపుతారు. నడుముకు దిగువన, వెన్ను మధ్య గీతకు ఒక పక్కన, పిరుదు మొదలయ్యే చోట ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది. సరిగ్గా దాని లోపలి అంచున అన్నమాట. నొప్పి పిరుదులోకి, తొడ వెనుకకు పాకవచ్చు, మోకాలు దాటి దిగటం తక్కువ. ఎక్కువసేపు కూర్చుని లేచినపుడు, మెట్లు ఎక్కేటపుడు, బస్సు ఎక్కటానికి ఒక కాలు ఎత్తినపుడు, పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలినపుడు చురుక్కుమంటుంది. సజ్దా నుంచి నేరుగా లేచి నిలబడేటపుడు కూడా అంతే.

మన ఇళ్లలో ఇటువంటి ఏ నొప్పి వచ్చినా పెట్టే పేరు ఒక్కటే, అర్ఖున్నిసా. ఆ పేరులోని చివరి భాగాన్ని స్త్రీలు అనే అర్థంలో తీసుకుని ఇది ఆడవారి జబ్బు అనుకునేవారిని కూడా చూశాను. అరబీలో అసలు పదం ఇర్ఖున్నసా. నసా అంటే తుంటి నుంచి మడమ దాకా దిగే నరం, దానికి స్త్రీలతో సంబంధం లేదు. ఈ బాధ మిగిలిన బాధలన్నింటినీ మరపిస్తుంది గనుక ఆ పేరు వచ్చిందన్న ఒక అభిప్రాయాన్ని ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) పేర్కొన్నారు. నేటి వైద్యులు సయాటికా అనేది దీనినే. అందులో నొప్పి సాధారణంగా మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి దిగుతుంది, తిమ్మిరి, మొద్దుబారటం తోడవుతాయి. తుంటి దగ్గరే నిలిచిపోయే నొప్పి వేరు, కాలి వెంబడి జారే నొప్పి వేరు అన్న సంగతి మన పూర్వ హకీములకు తెలియనిది కాదు. 980లో జన్మించి 1037లో మరణించిన ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో మొదటిదానిని వజవుల్ వరిక్ అని, రెండవదానిని ఇర్ఖున్నసా అని విడదీసి చెప్పాడు. మనమే ఆ రెండింటినీ కలిపివేశాం.

పాశ్చాత్య వైద్యంలోనూ ఇటువంటి తడబాటు జరిగింది. 1905లో గోల్డ్‌త్‌వెయిట్, ఆస్‌గుడ్ అనే అమెరికా వైద్యులు నడుము నొప్పికి ఈ కీలు ఒక ముఖ్య కారణమని రాశారు. దానితో కొన్ని దశాబ్దాలు ప్రతి నడుము నొప్పికీ ఈ కీలునే నిందించారు. 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు వెన్నుపూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కటం గురించి ప్రచురించాక అందరి దృష్టి అటు మళ్లింది. ఈ కీలును దాదాపు మరచిపోయారు. నేటికీ మన దగ్గర నడుము నొప్పి అనగానే "డిస్క్ జారింది" అనటం ఆ మరపు ఫలితమే. ఎంఆర్ఐ తీస్తే ఏ నొప్పీ లేని నడివయస్కులలో కూడా డిస్క్ ఉబ్బు కనిపించటం సర్వసాధారణం. కనుక రిపోర్టులో డిస్క్ అని రాసి ఉన్నంత మాత్రాన నొప్పికి మూలం అదేనని కాదు. దీర్ఘకాలిక నడుము నొప్పితో బాధపడేవారిలో 15 నుంచి 30 శాతం మందికి సాక్రోఇలియాక్ కీలే మూలమని వైద్య గ్రంథాలు అంచనా వేస్తున్నాయి.

నిర్ధారణకు ఒక్క ఎక్స్‌రే చాలదు, తొలి దశలో అది మామూలుగానే ఉండవచ్చు. వైద్యుడు రోగిని పడుకోబెట్టి తొడను, తుంటిని, త్రికాస్థిని నాలుగైదు విధాలుగా నొక్కి, తిప్పి చూస్తాడు. వాటిలో మూడింటికైనా అదే నొప్పి పుడితే ఈ కీలును అనుమానిస్తారు. స్త్రీలను ఇలా పరీక్షించవలసి వచ్చినపుడు వైద్యురాలిని గాని, మహిళా ఫిజియోథెరపిస్టును గాని కోరవచ్చు. సిగ్గుతో పరీక్షకే వెళ్లకుండా ఉండిపోవటం మాత్రం ఫర్దా కాదు.

స్త్రీల విషయం కొంత విడిగా చెప్పాలి. గర్భధారణలో కాన్పుకు వీలుగా కటి ప్రాంతపు బంధనాలు సడలుతాయి. అందుకు రిలాక్సిన్ వంటి హార్మోన్లు తోడ్పడతాయి. అదే సమయంలో పొట్ట బరువు ముందుకు లాగుతుంది. ఫలితంగా ఈ కీళ్లలో నొప్పి రావటం గర్భిణులలో చాలా మామూలు. అధికుల్లో కాన్పయిన కొన్ని నెలలకు తగ్గుతుంది, కొందరిలో నిలిచిపోతుంది. దివ్య ఖుర్ఆన్ సూరా లుఖ్మాన్‌లో తల్లి బలహీనతపై బలహీనతను భరించి బిడ్డను మోసిన సంగతిని గుర్తుచేసింది. ఆ ఆయతును తల్లుల గౌరవం గురించి చెప్పే ప్రసంగాలలో వినిపిస్తాం. ఇంట్లో కోడలు బిందె ఎత్తలేనంటే మాత్రం "మేము కనలేదా, పని తప్పించుకునే సాకు" అంటాం. నేను ఒక విద్యార్థికి చేసిన అన్యాయమే ఎన్నో ఇళ్లలో కోడళ్లకు జరుగుతోంది. బాలింత బిడ్డను ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకోకుండా, బరువులు మోయకుండా, కొన్ని వారాలు ఇంటిల్లిపాదీ పని పంచుకుంటే చాలా నొప్పులు అక్కడే ఆగిపోతాయి. వంగి నాట్లు వేసే, మిరప ఏరే స్త్రీలకు, ఒక్క కాలితో మిషన్ తొక్కే దర్జీలకు, ఒకే భుజాన బస్తాలు మోసే హమాలీలకు ఇది వృత్తితో వచ్చే బాధ.

ఇక మామూలు నొప్పి కానివి మూడు ఉన్నాయి, వీటిని పోల్చుకోవటంలోనే ప్రమాదం తప్పుతుంది.

మొదటిది మా విద్యార్థికి వచ్చినది. ఇది ఎక్కువగా 45 ఏళ్లలోపు, ముఖ్యంగా యవ్వనంలో మొదలవుతుంది. రాత్రి రెండవ భాగంలో నొప్పి నిద్ర లేపుతుంది. ఉదయం అరగంటకు పైగా బిగువు ఉంటుంది. విశ్రాంతితో తగ్గదు, కదిలితే తగ్గుతుంది. మూడు నెలలకు మించి ఇలా సాగితే కీళ్లవాత నిపుణుడైన రుమటాలజిస్టును చూడాలి. హైదరాబాదులోని నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. హెచ్‌ఎల్‌ఏ బి27 అనే రక్త పరీక్ష తోడ్పడుతుంది గాని, అది ఒక్కటే తీర్పు చెప్పదు. కీళ్లలో వాపును ఎంఆర్ఐ ముందుగా చూపుతుంది, అయితే నడుముకు మాత్రమే తీసిన ఎంఆర్ఐలో ఈ కీళ్లు పూర్తిగా కనిపించకపోవచ్చు. ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేస్తే వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుని మనిషి శాశ్వతంగా వంగిపోవచ్చు. సకాలంలో మందులు, నిత్య వ్యాయామం ఉంటే చాలామంది మామూలుగా జీవిస్తారు.

రెండవది క్షయ. అది ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం, ఈ కీలుకూ వస్తుంది. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గటం, ఒకవైపే తగ్గని నొప్పి ఉంటే పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ మందులు ఉచితం.

మూడవదాని పేరు మన ఇళ్లలో వినిపించదు గాని, మనకు బాగా దగ్గరిది. బ్రూసెల్లోసిస్. మేకలు, గొర్రెలు, పశువుల నుంచి మనుషులకు వచ్చే ఈ వ్యాధి వచ్చిపోయే జ్వరంతో, రాత్రి చెమటలతో మొదలై, తరచుగా సాక్రోఇలియాక్ కీలులో స్థిరపడుతుంది. కాచని పాలు తాగటం, ఈనే మేకకు ఉత్త చేతులతో సాయపడటం, ఈచుకుపోయిన పిల్లను తీసివేయటం, చేతికి కోత ఉండగా జంతువును కోయటం ఇందుకు దారులు. మేకలను పెంచే కుటుంబాలు, మాంసం దుకాణాలవారు, బక్రీదుకు స్వయంగా ఖుర్బానీ చేసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. పాలు పొంగేదాకా కాచండి. చేతికి గాయం ఉంటే తొడుగులు వేసుకోండి. జ్వరంతో కూడిన తుంటి నొప్పితో వైద్యుని వద్దకు వెళ్లినపుడు "మా ఇంట్లో మేకలున్నాయి" అన్న ఒక్క మాట చెప్పండి. ఆ మాట చెప్పకపోతే రక్తపరీక్ష ఆలోచనే రాకపోవచ్చు. కనీసం 6 వారాల యాంటీబయాటిక్ చికిత్సతో ఇది నయమవుతుంది, మధ్యలో మానితే తిరగబెడుతుంది.

ఇవి కాక, కాలు చచ్చుబడుతున్నా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, కూర్చునే భాగమంతా మొద్దుబారినా అది డిస్క్ నరాలను గట్టిగా నొక్కుతున్న సూచన. ఒక్క రాత్రి కూడా ఆగకుండా వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మామూలు యాంత్రిక నొప్పికి చికిత్స నెమ్మదైనది. బాగా పట్టేసినపుడు ఒకటి రెండు రోజుల విశ్రాంతి, వేడి కాపడం చాలు. వారాల తరబడి మంచం మీదే ఉంటే కండరాలు బలహీనపడి నొప్పి పెరుగుతుంది. నొప్పి మాత్రలు వైద్యుడు చెప్పిన రోజులకే పరిమితం కావాలి. రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని మింగటం మూత్రపిండాలను చేజేతులా పాడుచేసుకోవటమే. "దేశీ పొడి" పేరిట అమ్మే కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించండి.

బెల్టు వాడేవారు దానిని నడుముకు కడతారు. ఈ కీలు కోసం వాడే బెల్టును ఇంకా కిందికి, తొడ ఎముక పక్కకు పొడుచుకు వచ్చే చోటికి పైగా, తుంటి చుట్టూ బిగించాలి. అసలు మందు వ్యాయామం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులను మెల్లగా పైకెత్తి అయిదు లెక్కపెట్టి దించటం పది సార్లు. అదే భంగిమలో మోకాళ్ల మధ్య దిండు పెట్టి నొక్కటం పది సార్లు. పక్కకు పడుకుని, మడిచిన మోకాళ్లలో పైదానిని తలుపు తెరిచినట్టు ఎత్తటం పది సార్లు. నాకు ఫిజియోథెరపిస్టు నేర్పినవి ఇవే. మొదటి పదిహేను రోజులు ఏ ప్రయోజనమూ కనిపించక విసుగు వచ్చింది. రెండు నెలలకు తేడా తెలిసింది. పడుకునేటపుడు పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. ఒత్తిగిలేటపుడు రెండు మోకాళ్లూ కలిపి తిప్పాలి. ఆటో ఎక్కేటపుడు ముందు కూర్చుని, తరువాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తీసుకోవాలి. షల్వార్ వేసుకునేటపుడు ఒంటికాలి మీద నిలబడకుండా కూర్చోవాలి. వెనుక జేబులో లావుపాటి పర్సు పెట్టుకుని కూర్చోవటం కూడా మానాలి. వీటితో తగ్గకపోతే కీలులోకి ఇచ్చే ఇంజెక్షను, అక్కడి సన్నని నరాలకు రేడియో తరంగాల వేడితో చేసే చికిత్స ఉన్నాయి. ఆపరేషను అవసరమయ్యేది అరుదు.

హిజామా గురించి తప్పక అడుగుతారు. దైవప్రవక్త (స) తమ తుంటికి తగిలిన నొప్పి కారణంగా అక్కడ హిజామా చేయించుకున్నట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. కనుక దానిని చులకన చేయటం విశ్వాసికి తగదు. అయితే ప్రతి రోగికీ కొత్త బ్లేడు, శుభ్రమైన కప్పులు వాడేవారి వద్దకే వెళ్లాలి, లేకపోతే హెపటైటిస్ వంటివి అంటుకుంటాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగాలి. పైన చెప్పిన మూడు వ్యాధులకు హిజామా ప్రత్యామ్నాయం కాదు. అలాగే ఇర్ఖున్నసాకు గొర్రె తోక కొవ్వును కరిగించి మూడు రోజులు తాగమన్న హదీసు ఇబ్నె మాజాలో ఉంది. అది హిజాజ్ వాసులను, వారి వాతావరణాన్ని ఉద్దేశించి చెప్పినదని ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) వివరించారు. గుండె జబ్బున్న పెద్దాయనకు కొవ్వు తాగించబోయేవారు ఆ వివరణ చదవాలి. పైగా మన అంగడిలో దొరికే నెల్లూరు, దక్కనీ గొర్రెలకు ఆ కొవ్వు తోకే ఉండదు!

చివరగా నమాజు. నొప్పితో మెలికలు తిరుగుతూనే పూర్తి రుకూ, సజ్దాలు చేయటం తఖ్వా అనుకునే పెద్దలు మా మసీదులోనే ఉన్నారు. నేనూ ఆరు నెలలు అలాగే చేశాను. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తన వ్యాధి గురించి అడిగినపుడు నిలబడి, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని నమాజు చేయమని ప్రవక్త (స) అనుమతించిన విషయం బుఖారీలో ఉంది. ఆయన (స) స్వయంగా గుర్రం మీద నుంచి పడి కుడి పక్క గాయపడినపుడు కూర్చునే నమాజు చేయించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) వృద్ధాప్యంలో తషహ్హుద్‌లో బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. కుమారుడు అది చూసి అలాగే కూర్చుంటే వారించారు. సున్నత్ విధానం వేరని, తన కాళ్లు తనను మోయలేవని చెప్పారు. రెండు సంగతులూ ఆ ఒక్క ఘటనలో ఉన్నాయి. చేతనయినవాడు సడలింపు తీసుకోరాదు, చేతకానివాడు సిగ్గుపడరాదు. ఖాయిదాలో మామూలు భంగిమ కష్టమైతే ఎలా సులువైతే అలా కూర్చోవచ్చు. నేల మీద కూర్చోగలిగితే కుర్చీకంటే అదే మేలు. సజ్దా చేయలేనివారు సైగతో చేస్తూ, రుకూ కంటే సజ్దాకు ఎక్కువ వంగాలి. ఎంత నొప్పికి ఎంత సడలింపు అన్నది మీ వైద్యుని మాటను ముఫ్తీ సాహెబ్‌కు వినిపించి అడగండి. మసీదు కమిటీలవారు కుర్చీలను ఒక మూలకు నెట్టకుండా సఫ్ అంచున సర్ది ఉంచితే వచ్చేవారు వస్తారు.

మా విద్యార్థి నిరుడు హిఫ్జ్ పూర్తి చేశాడు. ఇప్పుడు చిన్న పిల్లలకు నాజిరా చెబుతున్నాడు. ఒకే చోట గంటకు మించి కూర్చోడు, పిల్లలకు సబఖ్ చెబుతూనే లేచి తిరుగుతాడు. నేను అతడిని క్షమాపణ అడిగాను. నవ్వి, "మీకేం తెలుసు హజ్రత్" అన్నాడు. ఫజ్ర్‌కు లేపటానికి ఇప్పుడు నేను వెళ్లేసరికి అతడు అప్పటికే లేచి, కీళ్లు వదులు కావటానికి చీకట్లో వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఉంటాడు. మిగిలిన పిల్లలను ఇద్దరం కలిసి లేపుతాం.